ఉత్త కాఫీ

కైరాకొస్కి ఆసుపత్రిలో పై అంతస్తు పురుళ్లకు, నడిమి అంతస్తు కోతలకు, నేలమాళిగ సైమీ కెంపైనెన్‌కు కేటాయించబడి ఉండేవి. కట్టెల గదికీ బట్టలుతికే గదికీ నడుమ, కిటికీ అనేదే లేని ఎక్స్‌రే గదిలో ఆమె అప్పటికి పదహారేళ్లు గడిపింది. ఇంకా ఇరవై మూడేళ్లు గడపవలసి ఉంది. చుట్టుపక్కల నాలుగు ఊళ్ల ఎముకలు ఆమెకు పేరుపేరునా తెలుసు. వీధిలో ఎదురైన మనిషి ముఖం గుర్తు రాకపోయినా, నడకలో కాస్త ఈడ్పు కనిపిస్తే చాలు, "ఓహో, మీరా! ఎడమ మడమ బాగుందా?" అని ఆప్యాయంగా పలకరించేది.

అయితే ఎముకల్ని ఎవరైనా పటం తీయగలరని ఆమె అభిప్రాయం. ఎముక మొహమాటం లేనిది, పిలవకపోయినా వచ్చి పటంలో కూర్చుంటుంది. సైమీ గర్వమంతా పిత్తాశయం మీద. కాలేయం చాటున నక్కి, పైత్యరసాన్ని దాచుకుని, కొవ్వు తిన్నప్పుడు మాత్రమే దాన్ని పేగులోకి వదిలే ఆ చిన్న తిత్తి మామూలు ఎక్స్‌రేకు చిక్కదు. దాన్ని బయటికి రప్పించాలంటే ముందురోజు సాయంత్రం రోగి ఆరు మాత్రలు మింగాలి. ఆ మందు కాలేయం చేరి, పైత్యంతో కలిసి, తెల్లవారేసరికి తిత్తిలో నిండి చిక్కబడుతుంది. అంతదాకా కడుపు మాడ్చుకుని ఉంటే మర్నాడు పటంలో తిత్తి తెల్లగా లైటుబల్బులా వెలుగుతుంది. రాళ్లుంటే ఆ తెలుపులో పెరుగులో నల్లద్రాక్షల్లా తేలతాయి.

ఆ తిత్తి అందరిలో ఒకేచోట ఉండదు. పొట్టిగా బొద్దుగా ఉన్నవాళ్లలో పైకి, పక్కకు ఒదిగి ఉంటుంది. పొడుగ్గా బక్కగా ఉన్నవాళ్లలో కిందికి జారి వెన్నెముక పక్కన వేలాడుతుంది. మనిషి గుమ్మం దాటి బల్ల దాకా నడిచే ఆరడుగుల్లోనే సైమీ దాని చిరునామా పట్టేసేది. కిరణాల సందును కుదించి, కుదించి, సరిగ్గా అక్కడ వాల్చేది. పటంలో తిత్తి, దాని చుట్టూ బొటనవేలి మందం అంచు, అంతే. మిగతా శరీరాన్ని ఆమె దండగ ఖర్చుగా భావించేది. ఊలు నగరంలో పెద్దాసుపత్రి వాళ్లు నాలుగు పటాలు తీసి ఒకటి ఏరుకుంటారని ఎవరో చెబితే, "పాపం, వాళ్లకి నాలుగు కావాలి కాబోలు" అంది తప్ప ఇంకేమీ అనలేదు. ఆ ప్రాంతంలో అంతకంటే పెద్ద స్వోత్కర్ష చేసినవాళ్లు లేరు.

పటం తీశాక రెండో అంకం ఉండేది. తిత్తి కనపడితే చాలదు, పనిచేస్తోందో లేదో చూడాలి. అందుకు రోగికి కొవ్వు తినిపించి, ముప్పావు గంట ఆగి, మళ్లీ పటం తీస్తారు. ఆరోగ్యంగా ఉన్న తిత్తి ఆ కొవ్వు కబురు అందగానే తనను తాను పిండుకుని బొటనవేలంత అయిపోతుంది. ఆ కొవ్వు వంటకం సైమీ స్వయంగా చేసేది: రెండు గుడ్ల పచ్చసొన, చక్కెర, గరిటెడు చిక్కని మీగడ, నురుగు వచ్చేదాకా గిలక్కొట్టి. రాత్రి నుంచి పస్తున్న మనుషులు గిన్నె అడుగు గీకి మరీ తినేవాళ్లు. ఆసుపత్రిలో మళ్లీ ఎప్పుడు రమ్మంటారని రోగులే అడిగిన పరీక్ష అదొక్కటే.

అలాంటి సైమీ చేతిలో, 1961 ఏప్రిల్‌లో, ఒక పిత్తాశయం పడలేదు.

అది ఏవెర్తి మొయిలానెన్ అనే ఆయనది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, తలుపుకు సరిపోని భుజాలు. చలికాలమంతా అడవిలో నరికిన దుంగల్ని మంచు కరగ్గానే ఏటిలో వేసి, దిగువన రంపపు మిల్లు దాకా తేల్చుకుపోయే ముఠాకు ఆయన పెద్ద. ఇరవై ఏడు వసంతాలుగా ఏటిమీద ఆయన మాటే చెల్లుతోంది. కుడి డొక్కలో నొప్పి అని భార్య కైసు పోరితే ఆసుపత్రికి వచ్చాడు. మాత్రలు మింగాడు. తెల్లవారుజామున బస్సెక్కి అరవై కిలోమీటర్లు వచ్చాడు. సైమీ అడగవలసిన ప్రశ్న అడిగింది.

"ఏమైనా తిన్నారా?"

"లేదు."

"తాగారా?"

ఆయన ముఖం గంభీరమైపోయింది. "చూడమ్మాయ్, నేను తాగి ఎనిమిదేళ్లయింది. ఆ ఊసు ఎవరెత్తారు నీ దగ్గర?"

సైమీ క్షమాపణ చెప్పుకుని పటం తీసింది. తిత్తి ఉండవలసిన చోట ఏమీ లేదు. తడి పటాన్ని వెలుగులో పెట్టి చూస్తే గోరంత మసక మచ్చ ఒకటి ఉందేమో, లేదేమో. వారం తర్వాత మళ్లీ మాత్రలిచ్చి, మళ్లీ పిలిచి, మళ్లీ తీసింది. మళ్లీ గోరంత మసక.

డాక్టర్ తాల్‌గ్రేన్ ఆ పటాల్ని చూసిన తీరులో తొందర లేదు, అనుమానమూ లేదు. ఆయన దక్షిణాన రాజధాని హెల్సింకీ నుంచి వచ్చి మూడేళ్లయింది. కోతలో ఆయన చేతి నేర్పు చూసి నర్సులు మురిసిపోయేవాళ్లు. మాట్లాడితే అచ్చులో పడ్డట్టు ఉండేది, ఒక్క అక్షరం జారేది కాదు. పటాలు చదివే నిపుణుడు పక్షానికొకసారి మాత్రమే వచ్చే ఆసుపత్రి కాబట్టి, మిగతా రోజుల్లో ఆ బాధ్యతా ఆయనదే.

"రెండుసార్లు మందు ఇచ్చాం. రెండుసార్లూ తిత్తి నిండలేదు," అన్నాడు. "అంటే జబ్బుపడిన తిత్తి. గొట్టం మూసుకుపోయి ఉండాలి. పైగా కొవ్వు తింటే నొప్పి ఎక్కువవుతోందని రోగి స్వయంగా చెప్పాడు. పంది మాంసం పులుసు."

"మందు పేగులోకి దిగలేదంటారా డాక్టరుగారూ?"

"మీ పటంలో పేగు కనపడటం లేదు, సిస్టర్ కెంపైనెన్. మీ పటంలో తిత్తి ఉండవలసిన చోటు తప్ప ఏదీ కనపడదు. చాలా శుభ్రమైన పటం."

అది ప్రశంసే. సైమీ అలాగే స్వీకరించింది.

కోతకు మే నెల మొదటి గురువారం ఖాయమైంది. మంగళవారం ఏవెర్తి నడిమి అంతస్తులో చేరాడు. ఆయన మంచం మీద కాక మంచమే ఆయన మీద ఉన్నట్టు, దుప్పటి ముడుచుకుని కూర్చుని కిటికీలోంచి ఏటివైపు చూస్తూ ఉండేవాడు. మంచుపలక అప్పటికే నీలం తిరిగింది. ఇంకో నాలుగైదు రోజుల్లో పగులుతుంది. పగిలితే మూడు వారాలే నీటి ఉధృతి, ఆ మూడు వారాల్లోనే దుంగలన్నీ దిగాలి. పొట్ట కోసినవాడు ఆరు వారాలు బరువెత్తకూడదు.

"ఏరు ఆగదా?" అని పక్క మంచం ఆయన ఓదార్పుగా అడిగాడట.

"అడిగి చూశావా?" అన్నాడట ఏవెర్తి.

బుధవారం పొద్దున్న పది గంటలకు సైమీ వంటగదిలో కూర్చుంది. వంటమనిషి మార్తా హేకురా ఆమెకు చిన్ననాటి నేస్తం. గుడ్లూ మీగడా ఇచ్చేది ఆమే. గిలక్కొట్టిన ఆ మీగడ వంటకానికి "సైమీ పాయసం" అని పేరు పెట్టింది కూడా ఆమే. మార్తా పెద్ద కప్పులో కాఫీ పోసి ముందుపెట్టింది. సైమీ అలవాటు ప్రకారం కాల్చిన జున్ను ముక్కలు నాలుగు కప్పులో పడేసి, అవి మెత్తబడేదాకా ఆగింది. ఈనిన ఆవు పాలతో జున్ను చేసి, పొయ్యి సెగకు ఎర్రటి మచ్చలు తేలేదాకా కాల్చి, కాఫీలో నానబెట్టుకోవడం ఆ ఏటి ఒడ్డున పుట్టినవాళ్లకు ఊపిరి పీల్చుకోవడంతో సమానం. ఆ రెండింటినీ వాళ్లు ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకోరు.

"ఏమే, ముఖం అలా పెట్టావు? ఆ దుంగలాయన గురించేనా?" అంది మార్తా.

"నా చేతిలో రెండుసార్లు పడలేదు మార్తా."

"పడకపోతే నువ్వేం చేస్తావు? తిత్తి కుళ్లింది, కోసేస్తారు. నువ్వు కుళ్లబెట్టావా? సరేగానీ, పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?"

"ఎక్కడే? ఏమీ లేదు. ఉత్త కాఫీ."

ఆ మాట అంటూ సైమీ చెంచాతో కప్పు అడుగునుంచి జున్ను ముక్క తీసి నోటి దగ్గర పెట్టుకుంది. చెంచా అక్కడే ఆగింది. ముక్కలోంచి కొవ్వు బంగారు చుక్కలుగా కాఫీ మీద పడి తేలింది. సైమీ ఆ చుక్కల్ని చూసింది. తర్వాత ముక్కను చూసింది. తర్వాత మార్తాను ఎంతసేపు చూసిందంటే మార్తా తన ముక్కు తుడుచుకుంది.

"మార్తా, నేనిప్పుడు ఏం చెప్పాను?"

"ఏమీ తినలేదన్నావు."

"అబద్ధమా?"

"ఎందుకబద్ధం? కాఫీయేగా!"

సైమీ కప్పు వదిలేసి లేచింది. సగం కాఫీ వదిలేసి వెళ్లిన మనిషిని మార్తా ఆ వంటగదిలో చూడటం అదే మొదలు, అదే చివర. ఎవరో పోయారనుకుంది.

నడిమి అంతస్తులో ఏవెర్తి కిటికీ దగ్గరే ఉన్నాడు. సైమీ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"పెద్దాయనా, నా దగ్గరికి వచ్చిన రెండు రోజులూ, బస్సెక్కే ముందు కాఫీ తాగారా?"

ఏవెర్తి ఆమెను జాలిగా చూశాడు. "తాగకుండా బస్సెలా ఎక్కుతారమ్మాయ్?"

"ఏమీ తీసుకోలేదని చెప్పారు!"

"తిన్నారా అన్నావు, తినలేదన్నాను. తాగారా అన్నావు, ఆ సంగతీ చెప్పాను. కాఫీ అన్నావా నువ్వు?"

"జున్ను వేసుకున్నారా?"

"కైసు వేస్తుంది. చిన్న గిన్నెడు."

"చిన్న గిన్నెడు," అంది సైమీ.

"మీగడ కూడా వేస్తుంది," అని ఆయన దాపరికం లేకుండా చేర్చాడు.

డాక్టరు గదివైపు నడుస్తూ సైమీ లెక్క వేసుకుంది. సాయంత్రం మాత్రలు. రాత్రంతా తిత్తి నిండుతూ ఉంది. తెల్లవారి నాలుగున్నరకు కైసు గిన్నెడు జున్ను, మీగడ. కొవ్వు కబురు అందగానే తిత్తి తన పని తాను చక్కగా చేసి, ఉన్నదంతా పిండేసి, గిన్నె కడిగి బోర్లించినట్టు కూర్చుంది. తొమ్మిది గంటలకు సైమీ వెళ్లి తలుపు తడితే ఏముంటుంది? గోరంత మసక ఉంటుంది. తన రెండో అంకాన్ని కైసు మొదటి అంకంకంటే ముందే, అరవై కిలోమీటర్ల దూరంలో, ఆడించేసింది.

ఆమెకు సిగ్గు కలిగింది. తను ఈ ఏటి ఒడ్డు పిల్ల. దక్షిణాది వాళ్లకు తెలియకపోవడం సహజం. తను పదహారేళ్లుగా ప్రతి ఉదయం ఆ ప్రశ్న అడుగుతూ, ప్రతి ఉదయం ఆ జున్ను తింటూ, రెండింటినీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

డాక్టర్ తాల్‌గ్రేన్ తన గదిలో ఏదో రాసుకుంటున్నాడు. సైమీ నిలబడే విషయం చెప్పింది. ఆయన కలం పక్కన పెట్టాడు.

"కాఫీలో... జున్నా?"

"అవును డాక్టరుగారూ."

"కాఫీ లోపల?"

"లోపలే. పైన వేస్తే మునుగుతుంది కదండీ."

"ఎందుకు?"

సైమీకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. డాక్టరుకు ఆ జవాబు లేకపోవడం అర్థం కాలేదు. ఇద్దరూ ఒకే దేశపు పౌరులైనందుకు కాసేపు చింతించారు.

"సిస్టర్ కెంపైనెన్," అన్నాడాయన చివరకు, "రెండోసారి కూడా తిత్తి పడకపోతే వందలో తొంభై అయిదుగురికి జబ్బు ఉన్నట్టేనని మేం చదువుకున్నాం."

"మిగతా అయిదుగురూ మా వైపు వాళ్లయి ఉంటారు."

ఆయన నవ్వలేదు. కానీ కలం మళ్లీ తీసుకోనూ లేదు. "రేపు తొమ్మిదిన్నరకు బల్ల సిద్ధం. వాయిదా వేస్తే మళ్లీ రెండు వారాలు ఖాళీ లేదు. నిజంగా రాళ్లుండి ఏటిమీద నొప్పి వస్తే ఆ మనిషిని ఎవరు మోసుకొస్తారు? అది కూడా ఆలోచించండి."

"వాయిదా వద్దు. ఇవాళ సాయంత్రం మాత్రలిస్తాను. రేపు ఎనిమిదికి పటం తీస్తాను. పడకపోతే ఆయన్ని చక్రాల మంచం మీద నేనే తోసుకుని మీ బల్ల దాకా తెస్తాను. పదహారేళ్లలో ఇదే మొదటిసారి అడుగుతున్నాను, డాక్టరుగారూ. నా పటం అబద్ధం చెప్పలేదు. మనం దాన్ని సరైన ప్రశ్న అడగలేదు."

తాల్‌గ్రేన్ ఆమె గోధుమరంగు తిరిగిన వేళ్లను చూశాడు. పటాలు కడిగే రసాయనం మరకలు అవి, ఏ సబ్బుకూ పోనివి. "ఎనిమిది గంటలకు," అన్నాడు. "ఒక్క పటం."

"నాకు ఒక్కటి చాలు," అంది సైమీ.

సాయంత్రం మాత్రలు ఆమె కళ్లముందే మింగించింది. ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. తర్వాత ఏవెర్తి సామాను సోదా చేసింది. కోటు జేబులో గుడ్డలో చుట్టి జున్ను, జున్నులో గుచ్చి కత్తి.

"అది నా ఆస్తి," అన్నాడు ఏవెర్తి.

"రేపు తిరిగి ఇచ్చేస్తాను."

"కైసుకు తెలిస్తే ఊరుకోదు."

"కైసు కనిపిస్తే నేనూ ఊరుకోను. మీకిది చేసింది ఆవిడే."

ఆ జున్నును సైమీ నేలమాళిగలో ఫిల్ములు భద్రపరిచే సీసపు పెట్టెలో పెట్టి తాళం వేసింది. కిరణాల బారి నుంచి అంత పటిష్ఠంగా రక్షించబడిన జున్ను ఆ దేశంలో అంతకుముందు లేదు.

మర్నాడు ఆసుపత్రి మేలుకునే వేళకు, అంటే కాఫీ బండి కదలక ముందే, ఆమె ఏవెర్తి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. బండి వచ్చింది. ఆ వాసనకు వార్డంతా లేచి కూర్చుంది. ఏవెర్తి కళ్లు మూసుకుని వాసన పీల్చాడు.

"నల్ల కాఫీ, అమ్మాయ్. ఒక్క గుక్క."

"నల్లదీ లేదు, తెల్లదీ లేదు."

"తల పగులుతోంది."

"తల పగిలితే మీకే మేలు. తల పటం నేను సునాయాసంగా తీస్తాను, ఎముక కదా."

"ఏటిమీద నలభైమంది నా మాట వింటారు తెలుసా?"

"వాళ్లకి మీరు కాఫీ ఇస్తారు కాబట్టి వింటారు."

ఏవెర్తి దుప్పటి లాక్కున్నాడు. కిటికీలోంచి ఏటివైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి, అటువైపే చూస్తూ, గొంతు తగ్గించి అన్నాడు: "కోయాల్సి వస్తే కోయండి, అమ్మాయ్. భయం కాదు. ఈసారి నా బదులు ముఠాను తీసుకెళ్లేవాడికి ఏటిలో సువ్వి మలుపు దగ్గర ఎడమపక్క పట్టాలని తెలీదు. అక్కడ కుడిపక్క పడితే మునిగేది దుంగలు కాదు, మనుషులు."

ఆ తర్వాత సైమీ కూడా ఏటివైపే చూస్తూ కూర్చుంది.

ఎనిమిదికి ఆయన ఎక్స్‌రే బల్లమీద పడుకున్నాడు. సైమీ అలవాటుగా కిరణాల సందు కుదించబోయి ఆగింది. మీ పటంలో తిత్తి ఉండవలసిన చోటు తప్ప ఏదీ కనపడదు, అని డాక్టరు అన్న మాట చెవిలో ఉంది. నిన్నటి నుంచి ఆ ప్రశంస ఆమెకు ప్రశంసలా వినపడటం మానేసింది. ఒక్క పటమే అన్నాడు. ఒక్క పటంలో ఎంత పడితే అంత పడనీ. పదహారేళ్ల పేరుప్రతిష్ఠల్ని పక్కన పెట్టి సందును బార్లా తెరిచింది. పేగు, నడుము, పక్కటెముకలు, సమస్తం.

"ఊపిరి వదలండి. బిగబట్టండి."

చీకటిగదిలో ఎర్రదీపం కింద పటం ద్రావకంలో ఊగుతూ ఉంటే సైమీ తనూ ఊపిరి బిగబట్టింది. ముందు వెన్నెముక తేలింది. ఎముకకు మొహమాటం లేదుగా. తర్వాత పక్కటెముకలు. ఆ తర్వాత, వాటి కింద, నింపాదిగా, వంపులతో సహా, ఒక లైటుబల్బు. మచ్చ లేదు, ద్రాక్ష లేదు. అంచు గీత గీసినట్టు ఉంది. సైమీ తన జీవితంలో అంతకంటే అందమైన పిత్తాశయాన్ని చూడలేదు. ఈ మాట ఆమె తర్వాత చాలామందికి చెప్పింది, పెళ్లివిందుల్లో కూడా.

నీళ్లు కారుతున్న పటాన్ని క్లిప్పుతోనే పట్టుకుని మెట్లెక్కింది. తాల్‌గ్రేన్ అప్పటికే చేతులు కడుక్కునే తొట్టి దగ్గర ఉన్నాడు. పటాన్ని వెలుగుపెట్టె మీద పెట్టాడు. చాలాసేపు చూశాడు. కారిన నీళ్లు ఆయన బూట్ల మీద పడుతున్నా చూశాడు.

"నిండింది," అన్నాడు.

"నిండింది."

"రాళ్లు లేవు."

"లేవు."

"మరి నొప్పి దేనికి?"

సైమీ తిత్తినే చూస్తూ ఉంది. డాక్టరూ తిత్తినే చూస్తున్నాడు. ఇద్దరి కళ్లూ పదహారేళ్ల అలవాటు, తొంభై అయిదు శాతం చదువు వదిలించుకుని పటం అంచు దాకా వెళ్లేసరికి కొంతసేపు పట్టింది. అక్కడ, కుడివైపు మూలన, తొమ్మిదో పక్కటెముక మీద, చెట్టుకొమ్మ విరిగి మళ్లీ అతుక్కున్నచోట కణుపు కట్టినట్టు, ఒక బుడిపె.

"విరిగింది," అన్నాడు తాల్‌గ్రేన్. "రెండు, మూడు నెలలు అయి ఉంటుంది. అతుక్కుంటోంది."

ఇద్దరూ కిందికి దిగారు. ఏవెర్తి బల్ల అంచున కూర్చుని ఉన్నాడు.

"మొయిలానెన్ గారూ, ఈ చలికాలంలో మీకు ఏదైనా దెబ్బ తగిలిందా?"

"దెబ్బా? లేదే."

"ఇక్కడ, డొక్కలో?"

"అక్కడా? అక్కడ గుర్రం తన్నింది. ఫిబ్రవరిలో."

తాల్‌గ్రేన్ జేబులోంచి కాగితం తీశాడు.

"ఆ సంగతి నాకు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు డాక్టర్.

"జబ్బులేమైనా ఉన్నాయా అన్నారు మీరు. గుర్రం తన్నడం జబ్బెలా అవుతుందండీ? గుర్రం బాగానే ఉంది."

"పంది మాంసం పులుసు తింటే నొప్పి ఎక్కువవుతుందని చెప్పారు కదా?"

"తింటే కాదు. తినడానికి కూర్చుంటే. మా బల్ల కాస్త పొట్టిది, వంగాలి."

తాల్‌గ్రేన్ తన కాగితంలో ఏదో కొట్టేసి ఏదో రాసుకున్నాడు. కోత గది బల్ల మీద పరిచిన దుప్పటిని మడత పెట్టమని పైకి కబురు పంపాడు. తర్వాత, పని సగంలో వదలడం ఆయనకు తెలియదు కనుక, "రెండో పటం కూడా తీయండి, సిస్టర్. తిత్తి పనిచేస్తోందో లేదో చూద్దాం," అన్నాడు.

సైమీ గుడ్లు తెప్పించి గిలక్కొట్టింది. ఏవెర్తి గిన్నె ఖాళీ చేసి, "తీపి కాస్త ఎక్కువైంది," అని తీర్పు ఇచ్చాడు. ముప్పావు గంటకు తీసిన పటంలో తిత్తి బొటనవేలంత అయింది. పక్కనే నాళం సన్నటి తెల్ల దారంలా పేగుదాకా దిగి ఉంది. కైసు నాలుగున్నరకు ఆడించిన నాటకాన్నే సైమీ ఈసారి సరైన వేళకు ఆడించింది.

"పటం బాగుంది," అన్నాడు తాల్‌గ్రేన్. ఆ ఆసుపత్రిలో ఆయన ఉన్న పద్నాలుగేళ్లలో ఆ మాట మూడుసార్లు అన్నాడు. మిగతా రెండూ కూడా సైమీవే.

అప్పుడు ఆయన ఇంకో మాట అన్నాడు. "ఆ పదార్థం ఒకసారి చూడవచ్చా?"

సీసపు పెట్టె తెరిచారు. మార్తా స్వయంగా కాఫీ పట్టుకుని కిందికి వచ్చింది. ఈ దృశ్యం తప్పిపోతే తను బతికి లాభం లేదనుకుంది. ఏవెర్తి తన కత్తితో ముక్కలు కోసి డాక్టరు కప్పులో నాలుగు వేసి, తన కప్పులో ఎనిమిది వేసుకున్నాడు. తాల్‌గ్రేన్ ఒక ముక్క నమిలాడు. అది పళ్ల మధ్య కీచుమంది. ఆయన ఆగాడు. మళ్లీ నమిలాడు. కప్పులోకి తొంగిచూశాడు. మార్తా, సైమీ, ఏవెర్తి ముగ్గురూ న్యాయస్థానంలో నిలబడ్డట్టు నిలబడ్డారు.

"సిస్టర్ కెంపైనెన్," అన్నాడాయన, "ఇది పానీయం కాదు. ఇది భోజనం."

"అలా అనకండి డాక్టరుగారూ," అంది మార్తా కంగారుగా, "అయితే నేనిప్పటిదాకా రోజుకు ఆరుసార్లు భోజనం చేశాను!"

ఆయన మరో ముక్క తీసుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం మంచుపలక ఫిరంగి పేలినట్టు పగిలింది. ఏవెర్తి డొక్కకు పట్టీ చుట్టుకుని, కొక్కెపు గడను కుడిచంకలో కాక ఎడమచంకలో ఆనించుకుని, తెప్ప ముందు నిలబడ్డాడు. సువ్వి మలుపు దగ్గర ముఠా ఎడమపక్కనే పట్టింది. నలభైమంది వెళ్లారు, నలభైమంది తిరిగొచ్చారు. జూన్‌లో నేలమాళిగకు ఒక పొట్లం వచ్చింది. బండి చక్రమంత జున్ను. పైన కైసు చేతిరాత: "మందు మాత్రలు మింగని రోజు తినవలసినది."

అంతకుముందే తాల్‌గ్రేన్ రోగులకిచ్చే సూచనల చీటీని తిరగరాశాడు. టైపు కూడా తనే కొట్టాడు. పాత చీటీలో "తినరాదు, తాగరాదు" అని మాత్రమే ఉండేది. కొత్తదానిలో, ఆయన ధోరణిలో, ఇలా ఉంది: "మాత్రలు మింగిన తర్వాత ఏ ఆహారమునూ తీసుకొనరాదు. కాఫీ తాగరాదు. జున్ను వేసిన కాఫీ, ఈ ప్రాంతపు ఆచారమునకు విరుద్ధముగా, ఆహారముగా పరిగణింపబడును. గుర్రము తన్నినచో ముందుగా తెలియజేయవలెను."

ఊలు పెద్దాసుపత్రి వాళ్లు ఆ చీటీ చూసి నవ్వుకున్నారని కైరాకొస్కిలో విన్నారు. మరుసటి సంవత్సరం జున్ను వాక్యాన్ని వాళ్ల చీటీలోనూ చేర్చుకున్నారని కూడా విన్నారు. గుర్రాన్ని మాత్రం వదిలేశారు.

సైమీ ఆ తర్వాత తన కిరణాల సందును ఎన్నడూ అంత ఇరుకు చేయలేదు. చూసినవాళ్లు పటాలు మునుపటంత పొందికగా లేవన్నారు. "అవును, లేవు," అనేది ఆమె తృప్తిగా.

ఆమె పదవీ విరమణ చేసిన ఏడాదే ఆసుపత్రికి కొత్త యంత్రం వచ్చింది. మాత్రలు లేవు, చీకటిగది లేదు, గుడ్లసొన లేదు. పొట్టమీద చల్లటి జిగురు రాసి చిన్న పెట్టెలాంటిది ఆనిస్తే తిత్తి తెరమీద బూడిదరంగులో కదులుతుంది. నేలమాళిగ గదిని సామాన్ల కొట్టుగా మార్చారు. సైమీ వెళ్లి చూసి, "బాగుంది, కిటికీ కూడా లేదు, వస్తువులకి ఎండ తగలదు," అని వచ్చేసింది.

డెబ్బై రెండో ఏట ఆమెకే కుడి డొక్కలో నొప్పి వచ్చింది. ఇంటికి వచ్చిన చీటీలో మాత్రల ఊసు లేదు. మిగతాది మారిపోయింది, భాష కూడా సరళమైంది. కానీ మూడో వరుసలో ఆ జున్ను వాక్యం ఉంది, కొంచెం కురచబడి. చీటీని మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లింది.

యంత్రం దగ్గర ఉన్న అమ్మాయికి ఇరవై అయిదేళ్లుంటాయి. సైమీ ఎవరో ఆమెకు తెలియదు.

"ఏమైనా తిన్నారా అమ్మమ్మా?"

"లేదు."

"తాగారా?"

"లేదు."

అమ్మాయి జిగురు సీసా తీయబోయి ఆగింది. కాస్త అనుమానంగా వెనక్కి తిరిగింది. "కాఫీ? జున్ను వేసుకుని?"

సైమీ కెంపైనెన్ బల్ల మీద పడుకునే, నిటారుగా నిలబడ్డ మనిషిలా మెడ సవరించుకుంది.

"తాగలేదు," అంది. "ఎంత బాగా అడిగావమ్మా. ఇప్పుడు చూడు. కాస్త పక్కకి పెట్టు దాన్ని, నేను బొద్దుగా ఉంటాను కదా, నాది పైన ఉంటుంది. అంచులు కూడా చూడు."